రాయించే తరగతిలో సంగీతం: ఏళ్ల తరబడి వాడాక

పిల్లల చేత కథో కవితో రాయించడానికి సంగీతం బాగా పనికొస్తుంది, కానీ మొదటి పావుగంట వరకే. ఆ తర్వాత ఆపేయాల్సిందే.

మాటలున్న పాట అసలు వద్దు. విన్న మాటలు రాయబోయే మాటలకు అడ్డం పడి, చివరికి కాగితం మీదికి పల్లవే దిగుతుంది. తెలిసిన సినిమా పాటను వేణువు మీద వినిపించినా ఇదే ఇబ్బంది. పిల్లలు లోలోపల పాడుకుంటూ తెర మీద చూసిన దృశ్యాన్నే రాసిస్తారు. వాళ్లు ఎప్పుడూ విననిది, ఒకటి రెండు వాద్యాలే ఉన్నది, నాలుగు నిమిషాలు దాటనిది వెతకాలి. పేరు ముందే చెప్పకూడదు. ‘వాన’ అన్నారంటే అందరి కాగితాల్లోనూ వానే కురుస్తుంది.

మొదటిసారి పెన్నులు పక్కన పెట్టి వినడమే. రెండోసారి విడిమాటలు రాసుకోవాలి, వాక్యాలు వద్దు. మూడోసారి సౌండు బాగా తగ్గించి రాత మొదలుపెట్టించాలి.

అసలు ఫలితం మధ్యలో మనం అడిగే ప్రశ్నలో ఉంది. ‘ఏమనిపించింది?’ అంటే ‘సంతోషం, బాధ, ప్రశాంతత’ దాటి రారు. ‘అక్కడ ఎవరున్నారు? చేతిలో ఏముంది? వయొలిన్ ఠక్కున ఆగినప్పుడు ఏం జరిగింది?’ అని అడగండి. ‘ఆమె దిగులుగా ఉంది’ అని రాసే పిల్లే ‘ఆమె ఉత్తరం మడిచి, మళ్లీ విప్పింది’ అని రాస్తుంది. ఈ తేడా కోసమే ఇంత శ్రమ!

పెద్ద తరగతులకు ఇటలీ స్వరకర్త వివాల్డి వయొలిన్ కోసం కట్టిన ‘నాలుగు ఋతువులు’ చక్కగా కుదురుతుంది. 1725లో అచ్చయినప్పుడే ఒక్కో ఋతువుకూ ఒక సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) జతచేశారు. శీతకాలంలోని రెండో భాగం చాలా చిన్నది. వయొలిన్ తీగల్ని వేళ్లతో మీటుతుంటే చినుకుల చప్పుడు, దాని మీద నింపాదిగా సాగే ఒంటి వయొలిన్. సానెట్‌లో ఉన్నదీ అదే: బయట వాన, లోపల మంట దగ్గర హాయిగా కూర్చోవడం. పిల్లలు రాసేశాకే దాన్ని చూపించాలి, లేకపోతే జవాబు చూసి రాసినట్టే.

మాత్రలు లెక్కపెట్టి పాదాలు కట్టే మాత్రాఛందస్సుకైతే మృదంగం ఒక్కటి చాలు. ‘తకిట తకధిమి’ అని మూడు, నాలుగు మాత్రలుగా చప్పట్లు కొట్టిస్తే గురజాడ ముత్యాల సరం నడక చెవికి పట్టేస్తుంది. వేగం పెంచితే మాత్రం లెక్క నింపడానికి ఊతపదాలు వచ్చిపడతాయి.

ఫోన్ స్పీకర్‌తో మృదంగంలో ఎడమవైపు గంభీరమైన నాదం వినపడదు, విడి స్పీకర్ కావాలి. ఫైలు ముందే దించుకోండి, మధ్యలో ప్రకటన వచ్చిందంటే రాత తెగిపోతుంది. ఆపేటప్పుడు సౌండు మెల్లగా తగ్గించాలి.

దిద్దుబాటు నిశ్శబ్దంలోనే జరగాలి. వెనక సంగీతం ఉంటే పేలవమైన పాదం కూడా బాగున్నట్టే వినిపిస్తుంది. చప్పుడు పడని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లకు ఒక చిత్రం చేతికిచ్చి, అవే ప్రశ్నలు అడిగితే సరిపోతుంది.