నట్టు బోల్టు ఢోలక్ మీద భజనీ ఠేకా: నాలుగేళ్ల వాడకం తర్వాత

భజనీ ఠేకా (భజనల్లో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే దెబ్బల వరుస) వాయించడం నేర్చుకునేవారికి తాళ్ల ఢోలక్ కంటే నట్టు బోల్టుది మేలు. తాళ్లదైతే కూర్చున్న ప్రతిసారీ తాళ్లను బిగించే కడియాలు జరుపుకోవాలి, దీనికి ఒక్క స్పానర్ చాలు. బరువు మాత్రం ఎక్కువే. బోల్టు చివరలు పంచెలు చింపుతాయి కూడా, ఒళ్లో తుండు వేసుకోండి. నేను వాడేది మామిడి చెక్కతో చేసిన, ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహా ఢోలక్ (ఆ ఊరి ఢోలక్‌కు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది).

బోల్టులను వరుసగా బిగిస్తే తోలు మూత ఓ పక్కకు లాగేస్తుంది. ఎదురెదురు బోల్టులను పావు చుట్టు చొప్పున తిప్పాలి. కుడి మూత పాడేవారి షడ్జానికి (స) కలవాలి, అందకపోతే పంచమానికి (ప). మొండిగా లాగితే తోలు అంచు దగ్గర చిరుగుతుంది. వానాకాలం చెమ్మకు శ్రుతి దిగుతుంది, ఏసీ హాల్లో ఎక్కుతుంది. ఎడమ మూత కాస్త వదులుగానే ఉండాలి. బిగిస్తే అరచేతి మడమ ఎంత జార్చినా 'గే' అనే ఎడమచేతి దెబ్బలో గుమకం (జారుతూ మోగే గుమ్ము) పలకదు. మూడో ఏట ఆ మూత లోపలి మసాలా (మంద్ర నాదం కోసం పూసే ముద్ద) ఎండి రాలింది. ఢోలక్ ఊపితే పొడి గలగలమంటుంది, ఇక మూత మార్పించాల్సిందే.

ఇక ఠేకా. దెబ్బల పేర్లు ఇవి, గీత ఉన్నచోట ఖాళీ: ధిన్ – నా ధిన్ – ధిన్ నా –, తిన్ – తా తిన్ – తిన్ తా –. ఎనిమిదేసి గడుల్లో దెబ్బలు 1, 3, 4, 6, 7 మీద. 2, 5, 8 ఖాళీ. కొత్తవాళ్ల చేయి ఆ ఖాళీల్లో ఊరుకోదు, ఏదో ఒకటి తట్టేస్తుంది. లయ పరుగెత్తేది అక్కడే. తాళాలు వేసేవాళ్లను అనవసరంగా తిడుతుంటాం! అంతకంటే పెద్ద తప్పు 'తిన్' సగంలోనూ ఎడమచేయి మోగించడం. అక్కడ గుమ్ము ఆగితేనే పాడేవారికి సమం (తాళం మొదటి దెబ్బ) ఎక్కడొస్తుందో తెలుస్తుంది. నెల రోజులు మెట్రోనోమ్ (టిక్కుమంటూ లయ చూపే పరికరం) నిమిషానికి 60 దగ్గర పెట్టి, ఖాళీ గడులను నోటితో 'ఊఁ' అని లెక్కపెడుతూ వాయించండి. దాద్రా తాళం (ధా ధి నా, ధా తి నా) ఆరు మాత్రలే (లెక్కలే) కాబట్టి వారంలో చేతికొస్తుంది.

నామం ద్రుతంలోకి (వేగంలోకి) వెళ్లాక ఈ ఠేకానే లాగొద్దు, ఖాళీలు కలిసిపోతాయి. సమం మీద మామూలు కహర్వా తాళంలోకి మారిపోండి: ధా గే నా తి, నా కే ధి నా.