రెండు వైపులా వెతికే మ్యాప్: రెండు హ్యాష్‌మ్యాప్‌లా, గ్వావానా, అపాచీనా?

తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గరలోని ఒక లాడ్జిలో సామాను గది ఉంది. తెల్లవారుజామున రైలు దిగిన భక్తులు సంచులు అక్కడ అప్పగించి, టోకెన్ తీసుకుని కొండకు వెళతారు. ఆ గదికి జావాలో ప్రోగ్రామ్ రాసిచ్చింది నేనే. టోకెన్ సంఖ్య చెబితే సంచి ఏ అరలో ఉందో తెలియాలి. టోకెన్ పోగొట్టుకున్నవారు వచ్చి తమ సంచిని చూపిస్తే, ఆ అరను బట్టి టోకెన్ సంఖ్య తెలియాలి. ఒక టోకెన్‌కు ఒకే అర, ఒక అరకు ఒకే టోకెన్.

రెండు హ్యాష్‌మ్యాప్‌లు, అంటే కీ చెబితే దాని విలువను ఇచ్చే పట్టికలు, పెట్టాను. ఒకటి టోకెన్ నుంచి అరకు, మరొకటి అర నుంచి టోకెన్‌కు. బ్రహ్మోత్సవాల రద్దీలో కౌంటర్ కుర్రవాడు ఫోను చేశాడు: "అన్నా, సగం అరలు ఖాళీగా ఉన్నాయి. కంప్యూటర్ మాత్రం అన్నీ నిండిపోయాయని చూపిస్తోంది."

తప్పు నాదే. 107వ టోకెన్ సంచిని 14వ అర నుంచి 22వ అరకు మార్చారు. మొదటి మ్యాప్‌లో 107 పక్కన 14 పోయి 22 వచ్చింది. రెండో మ్యాప్‌లో 22 కొత్తగా చేరింది, కానీ 14 కూడా 107 పేరు మీదే ఉండిపోయింది. ఇలా సంచి చోటు మారిన ప్రతిసారీ ఒక ఖాళీ అర లెక్కలో నిండిపోయింది. పిల్లలతో, మూటలతో వరుసలో నిలబడ్డవారిని చూశాక, ఈ పనికి ఏ మ్యాప్ సరైనదో తేల్చుకునే దాకా నాకు నిద్ర పట్టలేదు.

అన్నిటికంటే తేలికైన దారి ఒకే హ్యాష్‌మ్యాప్. వెనక నుంచి వెతకాలంటే విలువలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవడమే. వంద అరలకు ఆ సమయం లెక్కలోకే రాదు, లక్షల వరుసలు ఉంటేనే భారం. నాకు దీనితో ఉన్న పేచీ వేగం గురించి కాదు. ఒకే అరను ఇద్దరికి ఇచ్చినా ఈ మ్యాప్ ఏమీ అనదు.

రెండు వైపులా వెతికే మ్యాప్‌లు గూగుల్ వారి గ్వావా, అపాచీ కామన్స్ కలెక్షన్స్ అనే జావా లైబ్రరీల్లో సిద్ధంగా దొరుకుతాయి. వాటి మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. 107కు ఇచ్చిన 22వ అరనే పొరపాటున 108కి కూడా ఇవ్వబోయాం అనుకుందాం. అపాచీ కామన్స్ కలెక్షన్స్‌లోని డ్యూయల్‌హ్యాష్‌బిడిమ్యాప్ కొత్త జతను తీసుకుని, 107 జతను చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది. మ్యాప్ లోపల అంతా సవ్యంగానే ఉంటుంది. దర్శనం చేసుకుని కొండ దిగి వచ్చిన 107 టోకెన్ మనిషికి మాత్రం సంచి దొరకదు. గ్వావాలోని హ్యాష్‌బైమ్యాప్ అలా చేయదు, ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ అనే దోష సంకేతం విసిరి అక్కడే ఆపేస్తుంది. సంచి ఇంకా కౌంటర్ బల్ల మీదే ఉంది, మనిషి ఎదురుగానే ఉన్నాడు, కాబట్టి ఆ క్షణంలోనే దిద్దుకోవచ్చు. పాత జతను తెలిసే తీసేయదలిస్తే ఫోర్స్‌పుట్ అనే వేరే మెథడ్ ఉంది. ఆ పేరు చదివిన ప్రోగ్రామర్ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. నా ఓటు గ్వావాకే.

107ను 14 నుంచి 22కు మార్చడం గ్వావాలో పుట్ (జతను మ్యాప్‌లో పెట్టే మెథడ్) ఒక్కదానితో అయిపోతుంది. 14 రెండు వైపుల నుంచీ తొలగిపోతుంది. ఇన్వర్స్ అని అడిగితే వచ్చేది నకలు కాదు, అదే మ్యాప్‌ను అవతలి వైపు నుంచి చూడటం. ఏ వైపున మార్చినా రెండో వైపున కనిపిస్తుంది.

అపాచీని పూర్తిగా పక్కన పెట్టలేను. అరలు ఎప్పుడూ వరుస క్రమంలోనే కావాలంటే దానిలోని ట్రీబిడిమ్యాప్ బాగా పనికొస్తుంది. ఎరుపు-నలుపు చెట్టు (అంశాలను ఎప్పుడూ క్రమంలో ఉంచే అమరిక) పద్ధతిలో ఒక్కో జతను ఒకే నోడ్‌లో ఉంచుతుంది కాబట్టి మెమరీ ఆదా అవుతుంది. అయితే కీలు, విలువలు రెండూ పోల్చదగినవై ఉండాలి, నల్ (ఏమీ లేని విలువ) చెల్లదు.

ఏది తీసుకున్నా ఒక జాగ్రత్త తప్పదు. ఇక్కడ విలువ కూడా కీయే. అందుకే రెండు వైపులా, రెండు వస్తువులు ఒకటేనా అని తేల్చే ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ మెథడ్‌లు సరిగా ఉండాలి, లోపల పెట్టాక ఆ వస్తువులు మారకూడదు. రెండు కౌంటర్లు వేర్వేరు థ్రెడ్‌లలో ఒకే మ్యాప్‌ను తాకితే తాళం కూడా కావాలి. గ్వావాలో దానికి సింక్రొనైజ్డ్‌బైమ్యాప్ ఉంది.

జతలు నిజంగా ఒకటికి ఒకటేనా అన్నది ముందే చూసుకోవాలి. రైల్వే స్టేషన్ కోడ్‌లు అలాంటివే: టీపీటీవై తిరుపతి, ఆర్‌యూ రేణిగుంట, సీటీవో చిత్తూరు. ఇవి రోజూ మారవు కాబట్టి గ్వావాలోని ఇమ్యూటబుల్‌బైమ్యాప్ (ఒకసారి తయారయ్యాక మార్చలేనిది) చాలు. బండి నంబర్లు మాత్రం ఇందులో ఇమడవు. ఒకప్పుడు ఏపీ 03 అంటే చిత్తూరు జిల్లా. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక, ఆ కోడ్‌ను చూసి జిల్లా చెప్పడం కుదరదు. అక్కడ ఒక కీకి అనేక విలువలు పట్టే మల్టీమ్యాప్ కావాలి.

బయటి లైబ్రరీ వాడకూడదన్న షరతు ఉన్న ప్రాజెక్టులో అయితే రెండు హ్యాష్‌మ్యాప్‌లు తప్పవు. అప్పుడు రెండింటినీ ఒకే క్లాస్‌లో ప్రైవేట్‌గా దాచి, మార్పులన్నీ ఆ క్లాస్ మెథడ్‌ల ద్వారానే జరిగేలా చూడండి. పుట్‌లో మొదట కొత్త అర ఇంకెవరి పేరు మీదైనా ఉందేమో చూసి, ఉంటే ఎక్సెప్షన్ విసరాలి. తర్వాత ఆ టోకెన్ పాత అరను రెండో మ్యాప్ నుంచి తీసేయాలి. కొత్త జతను రెండింట్లోనూ రాయడం ఆఖరున. నేను ఆ రోజు రాయనిది ఆ నడిమి వరుస ఒక్కటే.