స్ట్రీట్ ఫుడ్, ఊరు తిరగడం రెండూ కావాలంటే పెనాంగా, సింగపూరా, బ్యాంకాకా?

ఆగ్నేయాసియాకు వెళ్లే మనవాళ్ల టూర్ ప్యాకేజీల్లో నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం ఒకటుంది. పగలంతా ఏసీ బస్సులో ఊరు చూపిస్తారు. చీకటి పడగానే ఏదో ఒక ఇండియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లి పన్నీర్ కూర, దాల్, గులాబ్ జామూన్ పెట్టి హోటల్లో దింపేస్తారు. అంత దూరం వెళ్లి అక్కడివాళ్లు రోజూ ఏం తింటారో, ఎక్కడ కూర్చుని తింటారో చూడకుండానే తిరిగొచ్చేస్తాం. వీసా, టికెట్లు, హోటల్ అంటూ అన్నిటికీ ఖర్చు పెట్టి అసలైనదాన్ని వదిలేసినట్టే.

ప్యాకేజీ లేకుండా సొంతంగా ప్లాన్ చేసుకునేవాళ్లు సాధారణంగా అడిగే పేర్లు సింగపూర్, బ్యాంకాక్. నేను మలేషియాలోని పెనాంగ్‌ని కూడా వాటితో పోల్చి చూడమంటాను. ఊరు చూడటానికి ఒక చోటికి, తినడానికి ఇంకో చోటికి వెళ్లనక్కర్లేకుండా రెండూ ఒకే నడకలో అయిపోయే ఊరు ఈ మూడింటిలో అదొక్కటే. కాబట్టి నా ఓటు పెనాంగ్‌కి. అలాగని అందరినీ అక్కడికే వెళ్లమనను. ఎవరికి ఏది నప్పుతుందో తర్వాత చెప్తాను.

పెనాంగ్

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ వెళ్లి అక్కడ విమానం మారితే గంటలో పెనాంగ్‌లో ఉంటాం. బస్సులో అయితే దాదాపు ఐదు గంటలు. చివర్లో 13.5 కిలోమీటర్ల పొడవైన వంతెన మీద సముద్రం దాటి దీవిలోకి వెళ్లడం పిల్లలకు బాగా నచ్చుతుంది.

దీవిలో అసలు ఊరు జార్జ్‌టౌన్. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ దీన్ని రేవుపట్నంగా మొదలుపెట్టాడు. చైనా నుంచి, తమిళనాడు నుంచి, సుమత్రా నుంచి, అరబ్బు దేశాల నుంచి వర్తకులూ కూలీలూ వచ్చి పక్కపక్కనే స్థిరపడ్డారు. మలక్కాతో కలిపి ఈ పాత పట్నాన్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ మాట చాలా ఊళ్ల గురించి చెప్పుకుంటాం కానీ ఇక్కడ అది కాళ్ల కింద తెలుస్తుంది. 1818లో కట్టిన సెయింట్ జార్జ్ చర్చి దగ్గర మొదలుపెట్టి నడిస్తే అగరబత్తుల పొగ కమ్మేసిన చైనీయుల కరుణాదేవి గుడి వస్తుంది. పక్క వీధిలోకి తిరిగితే 1833 నాటి మహామారియమ్మన్ గుడి, ఇంకాస్త ముందుకెళ్తే భారతీయ ముస్లిం వర్తకులు కట్టించిన కపితాన్ కెలింగ్ మసీదు. అంతా కలిపి కిలోమీటరు కూడా ఉండదు. మధ్యలో లిటిల్ ఇండియాలో మల్లెపూల దండలు, ఇడ్లీ సాంబారు, స్పీకర్లలో పాటలు.

ఈ నడక మధ్యలోనే తిండి. పెనాంగ్‌లో స్టాళ్లు ఎక్కువగా కోపిటియమ్ అనే పాత కాఫీ హోటళ్లలో ఉంటాయి. హోటల్ ఓనరు టీ, కాఫీలు అమ్ముకుంటాడు, స్టాళ్లవాళ్లు చోటు అద్దెకు తీసుకుని ఎవరి వంట వాళ్లు చేస్తారు. మనం ఓ బల్ల దగ్గర కూర్చుని స్టాల్ దగ్గరికెళ్లి ఏం కావాలో చెప్పి, ఎక్కడ కూర్చున్నామో చూపించి వస్తే చాలు. ప్లేటు వచ్చాక డబ్బులిస్తాం. ఏదో ఒక డ్రింక్ మాత్రం హోటల్ వాడి దగ్గర తీసుకోవాలి, అది అక్కడి మర్యాద.

చార్ క్వే తియావ్ అనే నూడుల్స్ వేపుడు వండటం దగ్గర నిలబడి చూడాల్సిన పని. మంచి స్టాళ్లలో ఇప్పటికీ బొగ్గుల పొయ్యి, బాగా కాలి నల్లబడిన ఇనుప కడాయి ఉంటాయి. వండే మనిషి ఒకసారికి ఒక్క ప్లేటే చేస్తాడు. కడాయి పొగ చిమ్మేదాకా వేడెక్కాక వెల్లుల్లి, రొయ్యలు, వెడల్పాటి బియ్యపు నూడుల్స్, సోయా సాస్ వేసి గరిటెతో గట్టిగా తిప్పుతాడు. ఒక పక్కకు నెట్టి ఖాళీ చోట గుడ్డు కొట్టి, దాని మీదకే నూడుల్స్ మళ్లీ లాగుతాడు. పెసర మొలకలు, గుల్లలు చివర్లో పడతాయి. రెండు మూడు నిమిషాల పని. ఆ మంట వాసన నూడుల్స్‌కి పట్టడమే ఇందులో గొప్పతనం. పదిమందికి ఒకేసారి వండితే ఆ రుచి రాదు కాబట్టే లైన్ మెల్లగా కదులుతుంది. విసుక్కోకుండా నిలబడండి. పంది మాంసం తిననివాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: చైనీయుల స్టాళ్లలో దీన్ని తరచుగా పంది కొవ్వుతో వండుతారు. హలాల్ స్టాళ్లలో ఆ భయం లేదు.

ఇక అసమ్ లక్సా. కానాగంత చేపలు ఉడికించి, ముళ్లు తీసి, చింతపండు పులుసులో మరిగించి లావుపాటి నూడుల్స్ మీద పోస్తారు. పైన పుదీనా, ఉల్లి, పైనాపిల్ ముక్కలు, ఓ చెంచా నల్లటి రొయ్యల పేస్ట్. కొబ్బరిపాలు ఉండవు, పులుపూ కారమే. చేపల పులుసుతో పెరిగిన నోటికి దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. విదేశీ వంట అంటే మొహం చిట్లించే మా పెద్దవాళ్లు కూడా మారు మాట్లాడకుండా గిన్నె ఖాళీ చేసింది దీన్నే.

నాసి కందర్ కథ ఇంకా దగ్గరిది. తమిళ ముస్లింలు ఒకప్పుడు కావడికి ఒక వైపు అన్నం, ఇంకో వైపు కూరలు వేలాడదీసుకుని రేవులో కూలీలకు అమ్మేవారు. ఇప్పుడు అవే పెద్ద హోటళ్లయ్యాయి. అన్నం మీద కోడికూరో చేపకూరో వేయించుకుని, నాలుగైదు కూరల గ్రేవీలు కలిపి పోయమని అడగాలి. ఆ కలపడంలోనే రుచి ఉంది. ఎండలో తిరిగి అలిసిపోతే పెనాంగ్ రోడ్డు పక్క సందులో చెందోల్ తాగండి: తురిమిన ఐసు, కొబ్బరిపాలు, తాటిబెల్లం పాకం, ఆకుపచ్చటి పిండి సేమియా, ఎర్ర చిక్కుడు గింజలు.

ఈ వంటలు పరాయి చేతుల్లోకి పోకూడదని పెనాంగ్ రాష్ట్ర ప్రభుత్వం హాకర్ స్టాళ్లలో విదేశీ కార్మికులు వండకూడదని 2016 నుంచి నిబంధన పెట్టింది. దాని మంచిచెడ్డల మీద వాదన ఉండొచ్చు. తిండిని ఆ ఊరు ఎంత సీరియస్‌గా తీసుకుంటుందో మాత్రం దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఒక్కో స్టాల్‌ది ఒక్కో టైమ్. పొద్దున తెరిచేది మధ్యాహ్నానికి మూసేస్తారు, సాయంత్రం స్టాళ్లు ఆరు తర్వాతే మొదలవుతాయి, సెలవు రోజు కూడా ఎవరిష్టం వాళ్లది. షాపుల ముందు నీడగా వరండాలు ఉన్నా వాటి నిండా బైకులు, సామాన్లు. వీల్‌చైర్‌తో, స్ట్రోలర్‌తో తిరగడం కష్టం.

సింగపూర్

సింగపూర్‌లో రోడ్డు పక్క బండి దాదాపు కనిపించదు. 1970లలో, 80ల మొదట్లో ప్రభుత్వం వీధి వ్యాపారులందరినీ నీళ్లు, కరెంటు, డ్రైనేజీ ఉన్న హాకర్ సెంటర్లలోకి తరలించింది. ఇప్పుడు అలాంటివి వందకు పైనే ఉన్నాయి. ఆ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కడుపు పాడవుతుందేమో అన్న టెన్షన్ లేకుండా తినాలంటే ఈ మూడింట్లో ఇదే మేలు. కుళాయి నీళ్లే తాగొచ్చు.

మాక్స్‌వెల్ హాకర్ సెంటర్లో చికెన్ రైస్, లావ్ పా సాత్ అనే హాకర్ సెంటర్ పక్కన సాయంత్రం రోడ్డు మూసేసి పుల్లలకు గుచ్చి బొగ్గుల మీద కాల్చే మాంసం ముక్కలు, అంటే సాతే, లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో బిర్యానీ, దోసె. ఒకే కప్పు కింద చైనీస్, మలయ్, ఇండియన్ దొరకడం వల్ల ఇంట్లో నలుగురికి నాలుగు రుచులున్నా గొడవ రాదు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ సీటు ఎవరో ఆపుకున్నారని అర్థం, కూర్చోకండి. తిన్నాక ట్రే తీసి పెట్టాలి. పెట్టకపోతే మొదట హెచ్చరిక, తర్వాత ఫైన్. మెట్రోలో తినడం, తాగడం నిషేధం.

మరి నా లెక్కలో సింగపూర్‌కి ఎందుకు రెండో స్థానం? చూసేవి ఒక చోట, తినేవి ఇంకో చోట. గార్డెన్స్ బై ద బే తోట, సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ విగ్రహం, మెరీనా బే చూసి, మెట్రో ఎక్కి తినడానికి వెళ్లి, మళ్లీ మెట్రో ఎక్కాలి. చూసేవి అద్భుతంగానే ఉంటాయి. రాత్రి ఆ తోటలో సూపర్‌ట్రీలు అనే చెట్ల ఆకారపు ఎత్తైన కట్టడాల లైట్ షో చూడటానికి పైసా అక్కర్లేదు, చిన్నపిల్లలు మెడలెత్తి అలా చూస్తూ ఉండిపోతారు. కానీ దారి తప్పి ఓ సందులో దూరి ఏదో కొత్తది తిన్న ఆనందం ఇక్కడ తక్కువ. హోటల్ గదుల రేట్లు కూడా మూడింటిలో ఇక్కడే ఎక్కువ. హాకర్ సెంటర్లో తిండి మాత్రం ఆ ఊరి లెక్కన చవకే, ఐదారు సింగపూర్ డాలర్లలో కడుపు నిండుతుంది. మనకు వీసా ముందే తీసుకోవాలి.

బ్యాంకాక్

కళ్లకు బ్యాంకాక్ ఇచ్చినంత మిగతా రెండూ ఇవ్వలేవు, ఇది ఒప్పుకోవాల్సిందే. వాట్ ఫో గుడిలో 46 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుడు, నది అవతల వాట్ అరుణ్ గుడి. రాజభవనం ఆవరణలోని మరకత బుద్ధుడి గుడి చుట్టూ నడవాల గోడల మీద 178 భాగాలుగా రామకియెన్, అంటే వాళ్ల రామాయణం, చిత్రించి ఉంది. హనుమంతుడు తెల్లటి ఒంటితో కోటలు దూకుతూ ఉంటాడు, లంక మంటల్లో ఉంటుంది. మన కథ మనకు తెలియని బట్టల్లో కనిపిస్తుంటే పిల్లలకు ఒక్కో బొమ్మ దగ్గర ఆగి చెప్పాలనిపిస్తుంది. తొందరపెట్టే గైడుతో వెళ్తే ఆ నడవాలు దాటేసి బయటపడతారు, దయచేసి అక్కడ టైమ్ పెట్టుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి.

తిండికి యావరాత్ రోడ్డు, అంటే చైనాటౌన్. వాట్ మంగ్కోన్ మెట్రో స్టేషన్లో దిగితే నాలుగడుగులే. పొద్దుగూకాక రోడ్డు అంచున ప్లాస్టిక్ స్టూళ్లు వేసి, సముద్రపు చేపలు, నూడుల్స్, దానిమ్మ రసం అమ్ముతారు. పగలు ఇదే వైపు వాట్ త్రైమిత్‌లో అయిదున్నర టన్నుల బంగారు బుద్ధుడిని చూడొచ్చు. శతాబ్దాల పాటు పైన గచ్చు పూసి ఉండటంతో ఎవరికీ తెలియలేదు. 1955లో విగ్రహాన్ని తరలిస్తుంటే ఆ పూత పగిలి లోపలి బంగారం బయటపడింది.

సోమ్ తమ్ అనే పచ్చి బొప్పాయి సలాడ్ చేసే బండి దగ్గర ఆగితే నోరూరుతుంది. పొడవాటి రోట్లో వెల్లుల్లి, మిరపకాయలు నలగ్గొట్టి, పచ్చి బొప్పాయి తురుము, టమాటా, వేరుసెనగ గుళ్లు, నిమ్మరసం, తాటిబెల్లం, చేపల సాస్ వేసి రోకలితో దంచుతూ గరిటెతో తిప్పుతుంటారు. ఎన్ని మిరపకాయలు వేయాలో ముందే చెప్పాలి. మన గుంటూరు కారానికి అలవాటు పడ్డాం కదా అని ధీమాగా ఉండొద్దు.

బ్యాంకాక్‌తో నా పేచీ దూరాలతోనే. గుళ్లు నది దగ్గర, షాపింగ్ ఇంకో మూల, మంచి తిండి మరో నాలుగు మూలల. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే సాయంత్రమంతా పోయినట్టే. నది మీద పడవలు, స్కైట్రెయిన్, మెట్రోలను నమ్ముకుని తిరిగితేనే ఈ ఊరు దక్కుతుంది. యావరాత్‌లో చాలా బండ్లు సోమవారం ఉండవు, ఆ రాత్రి అక్కడికి పెట్టుకోకండి.

శాకాహారులైతే?

ఇక్కడే లెక్కలు మారిపోతాయి. బ్యాంకాక్‌లో కూరగాయల వంటలోనూ చేపల సాస్ పడుతుంది. మాంసం వద్దంటే మాంసం తీసేస్తారు, సాస్ తీయరు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని రాసి ఉన్న కొట్లు వెతకాలి. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలతో పాటు వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వచ్చే శాకాహార పండగ రోజుల్లో వెళ్తే చైనాటౌన్ అంతా ఆ జెండాలే, అప్పుడు బ్యాంకాక్ శాకాహారులకు పండగే.

పెనాంగ్‌లో లిటిల్ ఇండియా ఉంది, చైనీయుల శాకాహార కొట్లూ ఉన్నాయి, చెందోల్ ఉంది. కానీ ఆ ఊరికి పేరు తెచ్చిన వంటలు, ముఖ్యంగా లక్సా, చార్ క్వే తియావ్, మామూలుగా చేసే పద్ధతిలో శాకాహారులకు పనికిరావు. చూస్తూ కూర్చోవాల్సి వస్తే బాధే. ఇంటిల్లిపాదీ శాకాహారులైతే నేను నిస్సంకోచంగా సింగపూర్ అంటాను.

మరి ఎవరు ఎక్కడికి?

నడవలేని అమ్మమ్మ, తాతయ్యలు, స్ట్రోలర్‌లో పిల్లలు ఉన్న కుటుంబం సింగపూర్‌కి వెళ్లాలి. లిఫ్టులు, ర్యాంపులు, శుభ్రమైన టాయిలెట్లు అక్కడ మామూలు విషయం. గుళ్లు, శిల్పాలు, రాత్రి సందడి కావాలనుకునే యువతకు బ్యాంకాక్. రొయ్యలూ చేపలూ ఇష్టంగా తినేవాళ్లు, మధ్యాహ్నం ఎండలో కాస్త పడుకుని పొద్దున, సాయంత్రం తీరిగ్గా నడవగలిగినవాళ్లు పెనాంగ్ వెళ్తే మిగతా రెండూ ఇవ్వలేని తృప్తి పొందుతారు. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏ దేశానికైనా టికెట్ కొనే ముందు ప్రభుత్వ సైట్లో చూసుకోండి.

పెనాంగ్ అని తేల్చుకున్నవాళ్లకు ఇంకొక్క మాట. ట్రావెల్ ఏజెంట్లు బీచ్ ఉందని బాటు ఫెర్రింగి వైపు రిసార్టులు చూపిస్తారు. ఒప్పుకోకండి. గది జార్జ్‌టౌన్ లోపల, చులియా స్ట్రీట్ చుట్టుపక్కలే తీసుకోండి. అప్పుడు పొద్దున్నే ఎండ ఎక్కకముందు గుళ్లూ మసీదూ చూసి, పక్కనే టిఫిన్ చేసి, మధ్యాహ్నం గదికి వచ్చేయొచ్చు. పెనాంగ్ హిల్ రైలుకు ఒక రోజు విడిగా ఉంచుకుని, దానికి దగ్గర్లోనే ఉన్న కెక్ లోక్ సీ గుడిని కూడా అదే రోజు చూసేయండి. మిగతా సాయంత్రాలన్నీ చులియా స్ట్రీట్‌లో బండ్లు పెట్టే వేళకు దిగి, ప్లేటు ఒకటి తెప్పించుకుని నలుగురూ పంచుకుంటూ తర్వాతి బండికి నడవడమే.