బెంగళూరులో కుక్కపిల్లను ‘బోర్డింగ్ ట్రైనింగ్’కి పంపబోతున్నారా? దయచేసి జాగ్రత్త

షిట్జూ, పొమరేనియన్, పగ్, టాయ్ పూడుల్ లాంటి చిన్న జాతి కుక్కపిల్లను కొత్తగా తెచ్చుకున్న బెంగళూరు తెలుగువాళ్లందరికీ, ముఖ్యంగా ఇద్దరూ ఆఫీసుకి వెళ్లే ఇళ్లవాళ్లకి ఈ హెచ్చరిక. “పప్పీని మా ఫామ్‌లో వదిలేయండి, 21 రోజుల్లో పాటీ ట్రైనింగ్ (సరైన చోటే మలమూత్రాలకు వెళ్లడం), ఒబీడియన్స్ (చెప్పిన మాట వినడం) రెండూ గ్యారంటీ” అనే ప్యాకేజీలకు డబ్బు కట్టకండి. మేం 24,000 రూపాయలు కట్టాం. డబ్బు పోవడం ఒక ఎత్తు, మా జున్నుకి జరిగింది ఒక ఎత్తు. జున్ను షిట్జూ. పంపినప్పుడు వాడికి మూడు నెలలు కూడా సరిగ్గా నిండలేదు.

ముందు వాళ్లు ఎలా మాట్లాడతారో చెప్తాను. మీకూ ఇవే మాటలు వినపడితే వెంటనే గుర్తుపట్టాలి. ఫోన్ ఎత్తగానే తెలుగు. “మీది ఏ ఊరండి? మాదీ అటువైపే.” పరాయి ఊళ్లో మన మాట చెవిన పడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఆ నమ్మకాన్నే వాడుకుంటారు. తర్వాత, “చిన్న బ్రీడ్స్ మొండివి మేడం, ఇంట్లో ముద్దు చేస్తారు కాబట్టి మాట వినవు, వాతావరణం మార్చాలి” అంటారు. ఈ రోజే కడితే డిస్కౌంట్ అంటారు. డబ్బు మొత్తం ముందే, సొంత నంబర్‌కి యూపీఐలో పంపమంటారు. బిల్లు అడిగితే వాట్సాప్‌లో పెడతామంటారు, అది రాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. చోటు చూస్తామంటే “కొత్త మనుషులు వస్తే డాగ్స్ డిస్టర్బ్ అవుతాయి” అన్నారు. మధ్యలో ఒకసారి వచ్చి చూసుకుంటామంటే “ఓనర్ కనపడితే ట్రైనింగ్ మొత్తం పోతుంది, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి” అన్నారు. మీ పిల్లను మీకు చూపించని చోట మీ పిల్లను ఉంచకండి. ఇంకేది మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

వీడియోలు పంపేవాళ్లు. అన్నీ పది పన్నెండు సెకన్లవే. ‘సిట్’ అనగానే కూర్చుంటాడు, వీడియో అయిపోతుంది. మొదట చూసినప్పుడు ఇంట్లో అందరం మురిసిపోయాం. వాణ్ణి తెచ్చుకున్నాక ఆ వీడియోల్నే డాక్టర్ గారికి చూపిస్తే, ఆవిడ ఒక్కోటీ ఆపి ఆపి చూపించారు. చెవులు వెనక్కి అతుక్కుని ఉన్నాయి. తోక కాళ్ల మధ్యకి పోయింది. నోట్లో ఏమీ లేకపోయినా మాటిమాటికీ మూతి నాక్కుంటున్నాడు, నిద్ర టైం కాకపోయినా ఆవలిస్తున్నాడు. ఇవన్నీ కుక్క భయపడుతోందని చెప్పే గుర్తులట. ఒక వీడియోలో, కనిపించీ కనిపించకుండా, ఫ్రేమ్ అంచున గుండ్రంగా చుట్టిన న్యూస్‌పేపర్ ఉంది.

ఆ పేపర్ సంగతి మాకు ఇంట్లోనే తెలిసింది. జున్ను తిరిగొచ్చిన మర్నాడు పొద్దున మా అత్తయ్య పేపర్ చదివి, మడిచి సోఫా మీద పెట్టబోయింది. అంతే, వాడు ఉన్నచోటే నేలకి కరుచుకుపోయాడు, కింద తడి. ఆ తర్వాత సోఫా కిందికి దూరి ఎంత పిలిచినా బయటికి రాలేదు. మెడ చుట్టూ బొచ్చు దువ్వుతుంటే వేలెడు వెడల్పున ఒక పట్టీలా వెంట్రుకలు ఊడిపోయి ఉన్నాయి, చర్మం ఎర్రగా కమిలి ఉంది. చెవుల వెనక పిడుదులు. పంపినప్పటి కంటే బరువు తగ్గాడు. నీళ్లు తాగినా, ఉత్సాహంగా గెంతినా దగ్గు వచ్చేది. మామూలు దగ్గు కాదు, బాతు అరిచినట్టు ఉండేది.

ఇక గ్యారంటీ ఇచ్చిన పాటీ ట్రైనింగ్ సంగతి. మా ఎదురుగా ఎక్కడా పోసేవాడు కాదు. ఆహా, నేర్చుకున్నాడు అనుకునేలోపే యుటిలిటీలో వాషింగ్ మెషిన్ వెనక నుంచి వాసన. కర్టెన్ వెనక, మంచం కింద, మనిషి కంటపడని ప్రతి మూలా వాడి బాత్రూమే. ముక్కుని మూత్రంలో రుద్ది, కొట్టి నేర్పితే పిల్లకి తెలిసేది ఒక్కటే: మనిషి చూస్తుండగా పోయకూడదు అని. ఇంట్లో పోయకూడదని కాదు. అసలు అంతకుముందు అరకొరగానైనా బాల్కనీలో మా ముందే పోసేవాడు. అదీ పోయింది.

ఫోన్ చేసి నిలదీస్తే, “మీరు ఇంట్లో ఆల్ఫాలా ఉండాలి మేడం, గారాబం చేస్తే ఇంతే, ఇంకో లెవల్ ప్యాకేజీ ఉంది” అన్నారు. ఈ ఆల్ఫా మాట చాలామంది ట్రైనర్ల నోట వింటారు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, గుంపులో ఒకటి మిగతావాటిని అణిచి నాయకత్వం చేస్తుందని ఒకప్పుడు అనుకున్నారు. ఆ మాటకి ప్రచారం తెచ్చినవాళ్లలో ఒకరైన తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మెక్ స్వయంగా 1999లో, అడవిలో తోడేళ్ల గుంపు అంటే మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలేనని, పెత్తనం కోసం కొట్టుకునే గుంపు కాదని రాశారు. ఆయన వదిలేసిన మాటని పట్టుకుని ఇక్కడ మూడు కిలోల పిల్లని వెల్లకిలా పడేసి నొక్కిపెడుతున్నారు. జంతువుల ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో, అన్ని కుక్కలకీ బహుమతితో నేర్పే పద్ధతులే వాడాలని స్పష్టంగా చెప్పింది. కుక్క మెడకి కరెంటు షాక్ ఇచ్చే షాక్ కాలర్లని వేల్స్‌లో 2010లోనే నిషేధించారు.

చిన్న జాతులకి ఈ ప్యాకేజీలు ఎందుకు మరీ ప్రమాదమో డాక్టర్ గారు చెప్పింది ఇక్కడ పెడుతున్నాను. వీటి శ్వాసనాళం చుట్టూ ఉండే మృదులాస్థి రింగులు చాలా కుక్కల్లో బలహీనంగా ఉంటాయి. పొమరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావాల్లో ఇది మరీ ఎక్కువ. అలాంటి మెడకి చోక్ చైన్ (లాగేకొద్దీ బిగుసుకునే గొలుసు) వేసి లాగితే ఆ గొట్టం నలుగుతుంది, లోపల లోపం ఉంటే ముదురుతుంది. షిట్జూ, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్లో కంటి గూడు లోతు తక్కువ. మెడ గట్టిగా బిగిస్తే కనుగుడ్డు బయటికి వచ్చే ప్రమాదం కూడా ఉంది. జున్నుకి ఎక్స్‌రే తీశారు. రింగులు కూలిపోలేదు, మెడ దెబ్బతిని వాచింది అన్నారు. జీవితాంతం కాలర్ వద్దు, ఛాతీకి తొడిగే హార్నెస్ మాత్రమే అన్నారు.

తిండి ఇంకో సంగతి. ఈ పిల్లలకి పొట్ట చిన్నది, ఒంట్లో దాచుకున్న చక్కెర తక్కువ. రోజుకి మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. పూట తప్పితే షుగర్ పడిపోయి వణుకు, మగత, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. అక్కడ రోజుకి రెండే పూటలు, అది కూడా మూత్రం తగ్గాలని నీళ్లు కొలిచి పెట్టేవాళ్లట. ఇది వాళ్ల నోటితోనే, గొప్పగా చెప్పారు.

టీకాల గురించి మాత్రం ఎవరు ఎంత నచ్చజెప్పినా వినకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, 16 వారాలు నిండేదాకా డోసులు ఉంటాయి. అవి పూర్తయ్యేలోపు పది కుక్కలు తిరిగే నేల మీద పిల్లని వదలడమంటే పార్వో అనే ప్రాణాంతక వైరస్‌కి ఎదురెళ్లడమే. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది. మేం చివరి డోస్ మిగిలి ఉందని చెబితే “మా దగ్గర ఇంజెక్షన్ వేయిస్తాం” అన్నారు. వేయించినట్టు కార్డులో ముద్ర లేదు, స్టిక్కర్ లేదు. డాక్టర్ గారు మళ్లీ వేశారు.

అసలు ఒక చోట నేర్పి ఇంకో చోట అప్పగించడమనే ఆలోచనే పాటీ ట్రైనింగ్‌కి కుదరదు. పిల్లలు అలవాటు పడేది ఆ చోటుకి, ఆ నేలకి. మట్టి మీద పోయడం నేర్చుకున్న పిల్లకి మీ ఆరో అంతస్తు బాల్కనీలో పోయడానికి పెట్టిన ట్రే ఎందుకుందో ఎలా తెలుస్తుంది? పైగా ఇది ఒంటికి సంబంధించిన విషయం. ఎన్ని నెలల పిల్ల అయితే దానికి ఒకటి కలిపి, మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెప్తారు. చిన్న జాతులు అంతసేపు కూడా ఆగలేవు. చాలా పిల్లలకి అలవాటు కుదరడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, కొన్నింటికి ఏడాది. 21 రోజుల గ్యారంటీ ఇచ్చేవాడు మూత్రాశయంతో ఒప్పందం రాయించుకున్నాడా?

మాకు పనికొచ్చింది ఇది. ఇంటికే వచ్చి, మా ముందే, మాకే నేర్పే ట్రైనర్ ఒకావిడని డాక్టర్ గారు సూచించారు. ఆవిడ మొదటి రోజు జున్నుని ముట్టుకోనే లేదు. నేల మీద కూర్చుని, ఉడికించిన చికెన్ చిన్న చిన్న తునకలు దూరంగా వేస్తూ మాతో మాట్లాడారు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ఆపగానే, పడుకునే ముందు ట్రే దగ్గరికి తీసుకెళ్లమన్నారు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతుంటే కూడా అంతే. పోయడం పూర్తయిన క్షణంలోనే, అక్కడే ముక్క పెట్టాలి. హాల్లోకి వచ్చాక పెడితే హాల్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటాడు. మనం కళ్లు పెట్టలేని టైంలో ఇల్లంతా వదలకుండా ప్లేపెన్‌లో (చుట్టూ కంచె ఉన్న చిన్న చోటులో) ఉంచాలి. తప్పు చోట పోస్తే నోరెత్తకుండా తుడిచేయాలి. ఫినాయిల్ వద్దు, అది పిల్లకి మంచిది కాదు, పాత వాసన వాడికి తెలుస్తూనే ఉంటుంది. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడాలి. సిట్, స్టే లాంటివి మూడు నాలుగు నిమిషాలకి మించకుండా, రోజుకి రెండు మూడుసార్లు.

ఒక రోజు పొద్దున్నే నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే జున్ను తనే వచ్చి ట్రే ఎక్కాడు. నా వైపు చూశాడు, ఆగాడు, మళ్లీ చూశాడు. నేను కదలకుండా తడి చొక్కా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. పోశాడు. నాకు ఏడుపొచ్చేసింది. సరైన పద్ధతిలో మొదటి నుంచీ నేర్పిన పిల్లకి ఇది చాలా ముందే వచ్చేసేది. మాకు ఇన్ని నెలలు పట్టింది భయం పోగొట్టడానికే. పేపర్ చప్పుడుకి ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. మా అత్తయ్య పేపర్ మానేసి ఫోన్‌లో చదువుతోంది. మూడు వారాల నుంచి మూడు నెలల వయసు దాకా కుక్కపిల్ల ప్రపంచాన్ని నమ్మడం నేర్చుకునే కాలమట. ఆ కాలం చివర్లోనే మేం వాణ్ణి అక్కడ వదిలిన రోజులు గడిచాయి.

మన దేశంలో డాగ్ ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా లైసెన్స్ అక్కర్లేదు. అందుకే మనమే అడిగి తెలుసుకోవాలి. పిల్ల తప్పు చేస్తే మీరేం చేస్తారు అని సూటిగా అడగండి. జవాబులో ‘కరెక్షన్’, ‘డామినెన్స్’, చోక్ చైన్ అని వినపడితే అక్కడితో ఆపేయండి. క్లాసు మీ ఇంట్లో, మీ కళ్ల ముందు జరగాలి. డబ్బు క్లాసు వారీగా, బిల్లుతో ఇవ్వండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. కుక్కని కొట్టడం, హింసించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, ఆ అంకె చూసినప్పుడల్లా కడుపు మండుతుంది. కానీ పోలీసులకి ఇచ్చిన ఫిర్యాదు కాపీ వినియోగదారుల కేసులో పనికొస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మేం వేశాం, నడుస్తోంది. అందుకే వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు.

మీ పిల్ల ఈ క్షణాన అలాంటి చోట ఉంటే, ఫోన్ చేసి టైం అడగకండి. నేరుగా వెళ్లండి. లోపలికి రానివ్వకపోయినా, పిల్లని ఇవ్వకపోయినా 112కి ఫోన్ చేయండి. చేతికి రాగానే మెడ, చెవులు, పాదాలు ఫోటోలు తీయండి. స్నానం చేయించకముందే డాక్టర్‌కి చూపించి, బరువు, గాయాలు చీటీలో రాయించుకోండి. మామూలు క్లినిక్‌లో ఎక్స్‌రే లేకపోతే హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్, వాళ్లు పంపిన వీడియోలు ఒక్కటీ డిలీట్ చేయకండి. ఆ రాత్రి పిల్లకి కొద్దికొద్దిగా తిండి పెట్టి, నీళ్లు అందుబాటులో ఉంచి, మీ గదిలోనే పడుకోబెట్టుకోండి.