ఓడ ఎక్కినా షుగరు ఎక్కకుండా

"తిండి అంతా టికెట్లోనే అక్కా, పొద్దున్నించి అర్ధరాత్రి దాకా ఎంత తింటే అంత!" అని మా తోడికోడలు గాజువాక నుంచి ఫోన్ చేసినప్పుడు నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. అంతకు రెండు వారాల ముందే మూడు నెలల సగటు షుగరు పరీక్షలో నాకు 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే గుమ్మంలో నిలబడ్డట్టు, 6.5కి చేరితే ఇంట్లోకి వచ్చేసినట్టే అని డాక్టరుగారు చెప్పారు. మందులు రాయలేదు. నోరు కట్టుకోమన్నారు, రోజూ నడవమన్నారు. మా ఆయనకు బీపీ, ఉప్పు తగ్గించాలి. అలాంటి మేమిద్దరం, మరిది, తోడికోడలితో కలిసి విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్ళే ఓడలో మూడు రాత్రులు గడపబోతున్నాం. తలకి 20 వేల పైనే కట్టాక వెనక్కి తగ్గేదేముంది?

రాజమండ్రి నుంచి ఒకరోజు ముందే విశాఖ చేరుకున్నాం. మరిది ఇంట్లో దిగమన్నారు గానీ, సముద్రం కనిపించే గదిలో ఒక రాత్రి ఉండాలని మా ఆయన కోరిక. బీచ్ రోడ్డు దగ్గర ఒక హోటల్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, కిటికీ తెరిస్తే అలల చప్పుడు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తిన్నాం. బండి అబ్బాయితో "బాబూ, మరమరాలు వద్దు, పల్లీలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మకాయ ఎక్కువెయ్యి" అన్నాను. వాడు ఒకసారి నా మొహం చూసి, "షుగరా అమ్మా?" అన్నాడు. రోజుకు నాలాంటి వాళ్ళు ఎంతమంది వస్తారో మరి. పల్లీలే కాబట్టి ఇంకో పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు, న్యాయమే.

రాత్రి భోజనానికి ఎంవీపీ కాలనీలోని వాసేన పోలికి వెళ్ళాం. చిరుధాన్యాల ఇడ్లీలు ఆకుల్లో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. అప్పట్లో ఉపరాష్ట్రపతిగా ఉన్న వెంకయ్యనాయుడు గారు కూడా తిని మెచ్చుకున్నారు. ఆకు విప్పగానే వచ్చే ఆ పచ్చి వాసన కోసమైనా వెళ్ళాలి. రెండు తింటే కడుపు నిండింది. మామూలు ఇడ్లీ అయితే నాలుగు లాగించేస్తాను, ఆ తేడా నాకు బాగా తెలిసింది.

అసలు దెబ్బ మర్నాడు పొద్దున హోటల్లో తగిలింది. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కదా, హాయిగా గంట నడిచి, దారిలో గ్లాసుడు రాగి జావ తాగి వచ్చాను. అక్కడితో ఆగితే బాగుండేది. గదితో పాటు టిఫిన్ ఉచితం అన్నారు. "మిల్లెట్ ఉప్మా" అని చీటీ పెట్టిన గిన్నెలోంచి వడ్డించుకుంటే అందులో ముప్పాతిక వంతు బొంబాయి రవ్వే. పూరీలు నూనె ఓడుతున్నాయి. పళ్ళ పేరుతో పుచ్చకాయ ముక్కలు, అవీ పంచదార చల్లినట్టు తళతళలాడుతున్నాయి. నిజంగానే చల్లారా అని అడిగితే వడ్డించే అబ్బాయి నవ్వేసి ఊరుకున్నాడు. ఆ గదికి నాలుగు మార్కులు, ఆ టిఫినుకి ఒకటి.

ఇక ఓడ. విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైంది, దాదాపు 96 కోట్లతో కట్టారట. ఎయిర్‌పోర్టులాగే సామాన్ల తనిఖీ, కాగితాల పరిశీలన అన్నీ ఉన్నాయి. అక్కడే మా ఆవకాయ సీసా దొరికిపోయింది. ఇంట్లో వండినవేవీ ఓడలోకి రానివ్వరు. వంటింటి శుభ్రతకు, ఒకరి నుంచి ఒకరికి కడుపు జబ్బులు పాకకుండా ఉండటానికి ఆ రూలు. సీలు తియ్యని బాదం, వేయించిన సెనగల పాకెట్లను మాత్రం ఏమీ అనలేదు. ఆవకాయను మా మరిది పరుగున వెళ్ళి, మమ్మల్ని దింపిన కారులో డ్రైవరు చేతికిచ్చి వచ్చాడు.

ఇంకో సంగతి ఓడెక్కాక బయటపడింది. బుకింగ్ చేసిన ఏజెంటు "షుగరు, బీపీ అని నేను ఫారంలో రాసేశాను మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు. ఓడలో అడిగితే మా పేరు మీద అలాంటిదేమీ లేదు. తిండి విషయంలో మీకేదైనా నియమం ఉంటే ఏజెంటు మాట నమ్మకండి. ఓడెక్కగానే మీరే భోజనశాల పెద్దను కలిసి చెప్పండి. నేను ఈ పని ఒక పూట ఆలస్యంగా చేశాను, ఆ పూట ఖరీదు ఎంతో చెప్తాను.

డాల్ఫిన్ నోస్ కొండ మెల్లగా వెనక్కి జరుగుతుంటే అందరూ పై డెక్ మీద ఫోటోలు తీసుకుంటున్నారు. మేం అప్పటికే బఫేలో ఉన్నాం. పెద్ద పళ్ళెం ఇచ్చారు. పెద్ద పళ్ళెం చూస్తే చెయ్యి ఊరుకోదు. పులావు, నాన్, పనీర్, పాస్తా, బంగాళాదుంప వేపుడు, అన్నీ "కొంచెం రుచి చూద్దాం" అనే వేసుకున్నాను. ఒక్కొక్కటి కొంచెమే, కానీ పదకొండు కొంచాలు. పైగా గ్లాసుడు నారింజ జ్యూసు. రెండు గంటల తర్వాత వేలు పొడిచి చూసుకుంటే 196. ఇంట్లో భోజనం తర్వాత నాకు ఎప్పుడూ 150 దాటదు.

ఆ రాత్రి భోజనం దగ్గర మా మాటలు విని, ప్లేట్లు తీస్తున్న అబ్బాయి ఆగాడు. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. శ్రీకాకుళం కుర్రాడు, నాలుగేళ్ళుగా ఓడల్లో పనిచేస్తున్నాడట. సముద్రం మధ్యలో సిక్కోలు యాస వింటే ప్రాణం లేచొచ్చింది. నా సంగతి చెప్తే గొంతు తగ్గించి, "ఆ జ్యూసు జోలికెళ్ళకండమ్మా, పంచదార నీళ్ళే అవి. మజ్జిగడగండి, ఉప్పెయ్యొద్దని సెప్పండి. పొద్దున్న ఓట్సు పాలూ పంచదారా కలిపి పెట్టేస్తారు, నీల్లతో కావాలంటే ఇప్పుడే సెప్పాల" అన్నాడు. తనే వెళ్ళి భోజనశాల పెద్దను పిలుచుకొచ్చాడు. ఆయన మా గది నంబరు, ఏం వద్దో, ఏం కావాలో రాసుకున్నాడు. మర్నాడు పొద్దున నీళ్ళతో ఉడికిన ఓట్సు, ఉడకబెట్టిన గుడ్లు నా పేరు చెప్పగానే వచ్చాయి. మూడు రాత్రుల్లో నేను చూసిన సేవలన్నిటిలో మొదటి మార్కు దీనికే.

ఓడలో తిండి చెడ్డదని చాలామంది రాస్తుంటారు, నాకు అలా అనిపించలేదు. పచ్చి కూరలు, మొలకలు, కాల్చిన చికెన్, పప్పు, పెరుగు, కోసిన బొప్పాయి అన్నీ ఉన్నాయి. చిక్కల్లా అవి బఫేలో ఒక మూలనే ఉంటాయి. తలుపు తియ్యగానే ఎదురయ్యేది బ్రెడ్డు, కేకులు. అందుకే రెండో రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. చేతులు కడుక్కుని, పళ్ళెం తీసుకోకుండా మొత్తం ఒక చుట్టు తిరగడం, ఆ తర్వాతే వెనక్కొచ్చి చిన్న ప్లేటు తీసుకోవడం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో పళ్ళెంలో సగం కూరగాయలు, పళ్ళే ఉండాలన్నారు. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు, ధాన్యాలు 250 గ్రాములు. ఇంట్లో నేనెప్పుడూ తూచి వండింది లేదు. ఓడలో మాత్రం కళ్ళ ముందు యాభై రకాలు పరిచి ఉంటే, సగం పళ్ళెం ఆకుపచ్చగా నింపేయడం ఇంటికంటే తేలికే. కోసే పని లేదు, కడిగే పని లేదు.

మా ఆయన దీనికి ఒప్పుకోలేదు. "ఇరవై వేలు కట్టి కీరా ముక్కలు నమలాలా?" అన్నారు. కట్టిన డబ్బు కడుపులోంచే రాబట్టుకోవాలన్న లెక్క ఆయన ఒక్కరిదే కాదు, చుట్టూ టేబుళ్ళన్నీ అదే లెక్కలో ఉన్నాయి. పక్క టేబుల్ పెద్దాయన నాలుగో గులాబ్‌జామ్ తింటూ "గిట్టుబాటు కావాలి కదండీ" అన్నారు మాతో. అయినా మా ఆయనకు ఎదురైన సమస్య తీపి కాదు, ఉప్పు. సూపులు, సాసులు, చీజు, అప్పడాలు, ఊరగాయ, అన్నిటా దాగి ఉంటుంది. రోజుకు 5 గ్రాములు దాటొద్దంటారు, అంటే ఒక చిన్న చెంచాడు. రెండో రోజు సాయంత్రానికి ఆయన చీలమండల దగ్గర సాక్స్ ముద్ర లోతుగా దిగింది. అది చూసుకున్నాక సూపు మానేశారు. నేనేమీ అనలేదు.

బఫే మంచిదా, కూర్చోబెట్టి వడ్డించే భోజనశాల మంచిదా అంటే నా ఓటు రెండో దానికే. ఒకటి తెచ్చాక ఇంకోటి తేవడానికి పావుగంట పడుతుంది, ఈలోగా కడుపు నిండిన సంగతి మనకు తెలిసిపోతుంది. సాసు పక్కన పెట్టమంటే పెడతారు, వేపుడు బదులు కాల్చి తెమ్మంటే తెస్తారు. చేప విషయంలో మాత్రం నిరాశే. విశాఖ రేవులో ఎక్కాం కదా, కోనాం ముక్క దొరుకుతుందనుకున్నాను. ముల్లు లేని, రుచీ లేని తెల్ల ముక్క ఏదో ఇచ్చారు. పక్కనే చేపల రేవు పెట్టుకుని ఇదేం అన్యాయమో!

రెండో రోజంతా నీళ్ళ మీదే. వానాకాలం మొదలు కావడంతో మధ్యాహ్నానికి సముద్రం కాస్త తిరగబడింది. తోడికోడలు మంచం దిగలేదు. ఏమీ తినకపోతే వాంతులు రావనుకుని పొద్దున్నించి పస్తుంది, అదే పొరపాటు. ఖాళీ కడుపు ఇంకా తిప్పుతుంది. ఉప్పు బిస్కెట్లు, అల్లం ముక్క, ఆపిల్ కొంచెం కొంచెంగా ఇస్తే సాయంత్రానికి లేచింది. వాళ్ళది పైన, ఓడ ముందు వైపు బాల్కనీ గది, మాకంటే బాగా ఎక్కువ కట్టారు. మాది కింద అంతస్తులో, ఓడ నడిమధ్యలో కిటికీ లేని గది. ఊగడం మాకు పెద్దగా తెలియలేదు. డబ్బాలాంటి గది అని మొదట ముఖం చిట్లించాను గానీ, కడుపులో తిప్పే వాళ్ళకు నేను అలాంటిదే తీసుకోమంటాను.

ఓడలో జిమ్ ఉంది, వెళ్ళి చూసి వచ్చేశాను. నాకు డెక్ చాలు. ఒక చుట్టు నాలుగు నిమిషాలు. ప్రతి భోజనం కాగానే నాలుగు చుట్లు, లిఫ్ట్ కోసం నిలబడే బదులు మెట్లు. రెండో రోజు మధ్యాహ్నం అన్నం కప్పుడే, పప్పు, చికెన్, సగం పళ్ళెం కూరలు తిని, ఆ గాలిలో చుట్లు తిరిగాక చూసుకుంటే 141. ఆ అంకె మా ఆయనకు రెండుసార్లు చూపించాను.

రాత్రి పదకొండున్నరకు మళ్ళీ నూడుల్స్, సమోసాలు పెడతారు. అది ఆకలి వేళ కాదు, కాలక్షేపం వేళ. డాన్సు కార్యక్రమం అయ్యాక జనం అటే వెళ్తారు. మేం గదికి వెళ్ళిపోయి బాదం పప్పులు నాలుగు నమిలి పడుకున్నాం. మా మరిది వెళ్ళాడు, పొద్దున్న అతని మొహం చూస్తే తెలిసింది. రంగు రంగుల మాక్‌టెయిళ్ళు టికెట్లో ఉండవు, వేరే బిల్లు. పంచదారకు విడిగా డబ్బు కట్టడం ఎందుకని మానేశాం. సోడాలో నిమ్మకాయ పిండమంటే పిండారు, అదే నా పార్టీ.

పుదుచ్చేరిలో ఓడ ఒడ్డుకు ఆనలేదు, దూరంగా ఆపి చిన్న పడవల్లో దింపారు. ఉన్నది కొద్ది గంటలే, ఎండ మండిపోతోంది. ఫ్రెంచి వీధుల్లో బేకరీల ముందు నుంచి నడిచి వెళ్ళడం ఈ మొత్తం ప్రయాణంలో నాకు పడ్డ అతి పెద్ద పరీక్ష. ఒక క్రువాసాన్ కొని నలుగురం పంచుకున్నాం. నా పాలు రెండు ముక్కలు. వెన్న వాసన ఇప్పటికీ గుర్తుంది, పశ్చాత్తాపం మాత్రం లేదు.

చెన్నైలో దిగి రైల్లో తిరిగొచ్చాం. మిగిలిన సెనగలు, ఒక జామకాయ, స్టేషన్ బయట ఇడ్లీలు మూడు, అంతే ఆ రోజు తిండి. ఇంటికొచ్చి తూకం చూసుకుంటే నేను 400 గ్రాములు పెరిగాను, ఆయన కిలో పైన. ఆయనది చాలావరకు ఉప్పు పట్టి ఉంచిన నీరే, నాలుగు రోజుల్లో దిగిపోయింది. షుగరు మూడు నెలల సగటు ఇప్పుడే చూసుకుని లాభం లేదు, మూడు రాత్రుల తిండి అందులో పెద్దగా తేలదు. సెప్టెంబరులో చేయిస్తాను.

మళ్ళీ వెళ్తారా అని మా చెల్లెలు అడిగింది. వెళ్తాను. ఈసారి హోటల్ బదులు మరిది ఇంట్లోనే దిగుతాను, టిఫిన్ బీచ్ రోడ్డు రాగి జావ. ఓడలో మళ్ళీ ఆ కిటికీ లేని గదే. సెనగల పాకెట్లు రెండు ఎక్కువ పట్టుకెళ్తాను, ఆవకాయ మాత్రం తీసుకెళ్ళను. అన్నట్టు ఆ సీసా సంగతి. డ్రైవరు దాన్ని భద్రంగా గాజువాకలో అప్పజెప్పాడట. "సగం అయిపోయింది అక్కా, మిగతా సగం పంపమంటావా?" అని నిన్న తోడికోడలు ఫోన్ చేసింది. నేను జవాబు చెప్పేలోపే మా ఆయన ఫోన్ లాక్కుని పంపమన్నారు.