పాలు పడని పసిపిల్లలకు బెజవాడ దుకాణాల్లో ఏం కొనవచ్చు: సోయా, బాదం, ఓట్స్ పానీయాలపై సమీక్ష

మా పాపకు పాలలోని ప్రొటీన్ పడదని పిల్లల వైద్యులు నిర్ధారించారు. ఏడాది నిండిన తరువాత వారి అనుమతితోనే, బందరు రోడ్డు, బెంజి సర్కిల్, పటమట ప్రాంతాల సూపర్ మార్కెట్లలో దొరికే సోయా, బాదం, ఓట్స్ టెట్రా ప్యాకులను ఒక్కొక్కటిగా తెచ్చి వాడాం. రుచి, ధర, నిల్వ వంటివి తరువాత చూసుకోవచ్చు. ఎదిగే బిడ్డ భోజనంలో పాలు చేసే పనిని ఆ ప్యాకు చేయగలదా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఆ లెక్కన చక్కెర కలపని, కాల్షియం చేర్చిన సోయా పానీయం ఒక్కటే నిలబడింది. ఇదంతా ఏడాది దాటిన పిల్లల సంగతి. ఏడాది లోపు శిశువులకు తల్లిపాలు, లేదా వైద్యులు రాసిచ్చే ప్రత్యేక ఫార్ములా మాత్రమే ఆధారం; ఎంత ఖరీదైన మొక్కల పానీయమైనా వాటి స్థానంలో పట్టకూడదు.

అడగ్గానే దుకాణాల్లో చేతికిచ్చేవి చాలావరకు పనికిరానివే. ఒక దుకాణంలో మాకు లాక్టోజ్ లేని పాలు చూపించారు, మరొక చోట ఏ2 ఆవుపాలు (కేసీన్ ప్రొటీన్‌లో ఒక రకం మాత్రమే ఉండే పాలు) ఏ ఇబ్బందీ పెట్టవని గట్టిగా చెప్పారు. లాక్టోజ్ అనేది పాలలోని చక్కెర. అది అరగకపోవడం వేరు, కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ వంటి ప్రొటీన్లకు శరీరం ఎదురుతిరగడం వేరు. లాక్టోజ్ తీసేసిన పాలలోనూ, ఏ2 పాలలోనూ ఆ ప్రొటీన్లు ఉండనే ఉంటాయి. మేకపాలు తేలికగా అరుగుతాయని పెద్దవాళ్లు ప్రేమతో చెబుతారు కానీ, మేక, గేదె పాల ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లను ఎంతగా పోలి ఉంటాయంటే, ఆవుపాలు పడని పిల్లల్లో అత్యధికులకు ఇవి కూడా పడవు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గేదెపాలు లేని ఇల్లు అరుదు కాబట్టి ఈ మాట ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మరొక ముఖ్యమైన జాగ్రత్త బాదంపాల విషయంలో ఉంది. మన ఊళ్లో బళ్ల మీద వేడివేడిగా అమ్మే బాదంపాలు, డెయిరీలు సీసాల్లో నింపి అమ్మే బాదం మిల్క్, బాదంపొడి కలిపిన మామూలు పాలే. బాదం నుంచి తీసిన పానీయం పూర్తిగా వేరే సరుకు.

ఇక సోయా. గేదెపాలలో నూరు గ్రాములకు సుమారు 3.7 గ్రాముల ప్రొటీన్, 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. మంచి సోయా పానీయంలో ప్రొటీన్ మూడు గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, ఆవుపాలకు దాదాపు సమానం. కాల్షియం మాత్రం తయారీదారు చేర్చితేనే ఉంటుంది కాబట్టి, ప్యాకు వెనుక పట్టికలో ఆ అంకె చూడనిదే కొనకూడదు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం, 12.5 గ్రాముల ప్రొటీన్ కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫార్సు చేసింది. నూరు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న రకమైతే, 400 మిల్లీలీటర్లతో 480 మిల్లీగ్రాములు అందుతాయి. ఆ చేర్చిన కాల్షియం అడుగుకు దిగిపోతుంది. కదపకుండా పోసి, ప్యాకు ఖాళీ అయ్యాక కత్తిరించి చూస్తే అడుగున సున్నంలాంటి తెల్లటి మడ్డి కనిపిస్తుంది. బిడ్డకు చేరవలసింది అదే. అందుచేత పోసే ప్రతిసారీ గట్టిగా ఊపవలసిందే.

రుచిలో సోయాకు ఒక పచ్చి గింజ వాసన ఉంటుంది. మా పాప మొదట మొహం తిప్పేసింది, రాగిజావలో కలిపి ఇస్తే తాగింది. బెల్లం వేసి ఉడుకుతున్న జావలో పోస్తే విరిగినట్టు పలుకులు తేలుతున్నాయి. దించి, గోరువెచ్చగా అయ్యాక కలిపితే నున్నగా వస్తుంది. వాసన పోతుందని చాక్లెట్, వెనిల్లా రకాలు కొనవద్దని నా విన్నపం, వాటిలో చక్కెర ఎక్కువ. పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు కాబట్టి, మొదటిసారి ఇచ్చే ముందు వైద్యులను అడగాలి. పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా, ఒంటినిండా దద్దుర్లతో వాంతులైనా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లో సోయాబీన్స్ నానబెట్టి, రుబ్బి, బాగా మరిగించి తీసిన పాలలో ప్రొటీన్ ఉంటుంది గానీ చేర్చిన కాల్షియం ఉండదు. అయినా అవి ఇంట్లో ఉండాలనే అంటాను, పెరుగు కోసం. చివర పెరుగన్నం లేనిదే భోజనం ముగియని ఇళ్లు మనవి, పెద్దల కంచాల్లో తెల్లటి ముద్ద చూసి పసిబిడ్డ చేయి చాస్తుంది. ఈ పాలకు మామూలు పెరుగు తోడు వేయకూడదు, ఆ చెంచాడు పెరుగులోనూ పాల ప్రొటీన్ ఉంటుంది. శుభ్రంగా కడిగిన మిరపకాయ తొడిమలు వేస్తే తోడుకుంటుంది, వాటిని తీసేసి ఆ పెరుగునే మరుసటి విడతకు తోడుగా వాడుకోవచ్చు.

బాదం పానీయం ధర సోయా కంటే బాగా ఎక్కువ, ప్రొటీన్ చూస్తే సాధారణంగా నూరు మిల్లీలీటర్లకు ఒక గ్రాము కూడా ఉండదు. ఓట్స్ పానీయం తియ్యగా ఉండి పిల్లలు ఇష్టంగా తాగుతారు. తయారీలో పిండిపదార్థం విరిగి చక్కెరగా మారడమే ఆ తీపికి కారణం. ప్రొటీన్ అందులోనూ ఒక గ్రాము దగ్గరే. సోయా కూడా పడని బిడ్డకు కాల్షియం చేర్చిన ఓట్స్ పానీయం పెట్టుకుని, ప్రొటీన్‌ను గుడ్డు, పప్పు, చేపలతో భర్తీ చేసే విధానాన్ని వైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. కొబ్బరిపాలు వంటకు బాగుంటాయి, తాగించడానికి కాదు. బియ్యపు పానీయాలను మాత్రం చిన్నపిల్లలకు నేను సూచించను. బియ్యంలో ఆర్సెనిక్ చేరే అవకాశం వల్ల బ్రిటన్‌లో ఐదేళ్ల లోపు పిల్లలకు వాటిని వద్దంటారు.

లేబుళ్లలో ఆకుపచ్చ చుక్కను నమ్ముకోవద్దు. అది శాకాహారమని మాత్రమే చెబుతుంది, పాలు శాకాహారంలోనే లెక్క. పాల నుంచి వచ్చే పదార్థాలను సూచించే మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ అన్న మాటలతో పాటు, పాలు ఉన్నట్టు తెలిపే అలర్జీ హెచ్చరికను వెతకాలి. బిస్కెట్లలో, బ్రెడ్‌లో పాలపొడి తరచుగా కలుస్తుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలోనూ పాలపొడి ఉంటుంది కాబట్టి, అక్కడి టీచరమ్మకు ముందే చెప్పి ఉంచాలి. కొండ మీద నుంచి ఎవరైనా అమ్మవారి ప్రసాదం తెస్తే, లడ్డూలో నెయ్యి ఉంటుంది. నేతిలో కూడా పాల ప్రొటీన్ జాడలు మిగిలి ఉండవచ్చు. పాప నోట పెట్టబోయిన వారి చేయి ఆపడం మొహమాటంగానే ఉంటుంది, అయినా ఆపాలి.

కొనుగోలుకు వస్తే, లీటరు సోయా ప్యాకు లెక్కకు చవక. కానీ ఒకసారి తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి, ప్యాకు మీద రాసిన గడువులోపే వాడేయాలి. రోహిణి కార్తె ఎండల్లో కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం తగ్గే రోజుల్లో పిల్లల కోసం చిన్న ప్యాకులు తీసుకోవడమే క్షేమం. చక్కెర కలపని రకంలో ఆ చిన్న ప్యాకులు అన్ని చోట్లా ఉండవు; మేము అడిగితే పటమటలోని ఒక దుకాణదారు తెప్పించి పెడుతున్నారు.