హౌరా నుంచి సియాల్దా: నది కింద పది రూపాయల ప్రయాణం

2025 ఆగస్టు 22న కలకత్తాలో కొత్త మెట్రో ముక్క మొదలైందని టీవీలో చూపిస్తున్నప్పుడు మేం విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి ముందు గదిలో ఉన్నాం. ఊరి నడిమధ్య ఎస్‌ప్లనేడ్ నుంచి సియాల్దా రైల్వేస్టేషన్ వరకు భూమి లోపల రెండున్నర కిలోమీటర్లు కూడా లేని దూరం. ఆ ముక్క కలవడంతో హౌరా మైదాన్ నుంచి సాల్ట్‌లేక్ సెక్టార్ ఫైవ్ దాకా, హుగ్లీ (అక్కడి గంగ పాయ) నది కిందుగా వెళ్లే 16.6 కిలోమీటర్ల లైను ఒక్కటైపోయింది. పేపరు కోసం వచ్చిన ఎదురింటి బాబాయిగారు అక్కడే నిలబడిపోయారు. "నది కిందా? అన్ని నీళ్లు నెత్తిన పెట్టుకుని ఎలా వెళ్తారమ్మా?" అన్నారు.

ఆయన భయం మాకు కొత్త కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు ఆయన కుటుంబం, మా కుటుంబం ఒకే మేడ మీద మూడు రోజులు గడిపాం. ఆ నీటి గీత మా హాలు గోడ మీద రెండుసార్లు సున్నం వేసినా ఇంకా కనబడుతూనే ఉంది.

మా కలకత్తా ప్రయాణానికి అప్పటికే టికెట్లు తీసుకున్నాం. అత్తయ్యకు దక్షిణేశ్వరం కాళీమాత గుడి చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. దసరాకు మాత్రం ఆవిడ బెజవాడ దాటరు. కొండ మీద అమ్మవారి అలంకారాలు ఒక్కటి తప్పినా ఊరుకోరు. అందుకే సెప్టెంబరు రెండో వారం పెట్టుకున్నాం. నేను, మావారు, అత్తయ్య, ఇంటర్ చదివే మా అబ్బాయి. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, కాబట్టి నేను దేన్ని చూసినా మెట్లెన్ని, లిఫ్టు ఉందా, ఎంత నడవాలి అన్న లెక్కతోనే చూశాను. చదివేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోండి.

రాత్రి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కితే మర్నాడు సాయంత్రానికి హౌరా. పులిహోర, చపాతీలు, పెరుగన్నం, మాగాయ పట్టుకెళ్లాం, బండిలో ఏదీ కొనాల్సిన పని పడలేదు. ఖరగ్‌పూర్‌లో ఒక పెద్దాయన, ఆయన భార్య ఎక్కారు. మా మాటలు విని "ఎవరమ్మా, బెజవాడా?" అని తెలుగులోనే పలకరించారు. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు తరాల నుంచి ఉన్నారు. వీళ్ల తాతగారు శ్రీకాకుళం నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చారట. ఈయన కూడా రైల్వేలోనే చేసి రిటైరయ్యారు. కూతురు సియాల్దా దగ్గర ఉంటుంది.

"ఇన్నాళ్లూ మా అమ్మాయింటికి వెళ్లాలంటే ఖరగ్‌పూర్ నుంచి హౌరా రావడం ఒక ఎత్తు, హౌరా నుంచి సియాల్దా పోవడం ఒక ఎత్తు" అన్నారాయన. "ఈ నెలలో ఇది మూడోసారి వెళ్లడం. ఇదివరకు మూడు నెలలకోసారి వెళ్లేవాళ్లం." కొత్త లైను గురించి నేను విన్న మాటల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

మాకూ ఆ బాధ తెలుసు. తొమ్మిదేళ్ల కిందట వచ్చినప్పుడు హౌరాలో టాక్సీ కోసం ఎండలో ముప్పావు గంట నిలబడ్డాం. ఎక్కాక నది మీది హౌరా వంతెన మీద ఇంకో అరగంట. దిగాక డ్రైవరు ముందు చెప్పిన దానికి రెట్టింపు అడిగి, సామాను డిక్కీలోంచి తియ్యనివ్వలేదు. ఆ వంతెన 1943 నాటిది, రోజూ అంత జనాన్ని మోస్తున్నదాన్ని చూస్తే గౌరవం కలుగుతుంది. కానీ సామానుతో, పెద్దవాళ్లతో దాన్ని దాటడం వేరే సంగతి.

ఈసారి హౌరా స్టేషన్ ఆవరణ దాటకుండానే మెట్రోలోకి దిగిపోయాం. ఎస్కలేటర్లు ఒకదాని తర్వాత ఒకటి. మన దేశంలో బాగా లోతైన మెట్రో స్టేషన్లలో ఇదొకటి, దాదాపు ముప్పై మీటర్లు. అత్తయ్యను లిఫ్టులో దింపాం. లిఫ్టు ఎక్కడుందో కనుక్కోవడానికి కొంచెం తిరగాల్సి వచ్చింది, అక్కడి సిబ్బందిలో ఒకమ్మాయి స్వయంగా వచ్చి చూపించింది. టికెట్టు హౌరా నుంచి సియాల్దాకు మనిషికి పది రూపాయలు. ప్లాట్‌ఫారం అంచున నిలువెత్తు అద్దాల తలుపులు ఉంటాయి, బండి వచ్చి ఆగాకే తెరుచుకుంటాయి. పిల్లలు పట్టాల వైపు వెళ్తారేమోనన్న టెన్షన్ ఉండదు.

బండి కదిలిన కాసేపటికే సొరంగం గోడల మీద నీలం రంగు లైట్లు కనబడ్డాయి. అవి కనబడితే నది కింద ఉన్నామని గుర్తు. 520 మీటర్లు, ముప్పావు నిమిషం. పెట్టెలో సగం మంది ఫోన్లు పైకెత్తారు. లైను మొదలై మూడు వారాలైనా ఆ సంబరం తగ్గలేదు. మిగతా సగం తలెత్తి కూడా చూడలేదు, ఇంటికి వెళ్లే తొందర వాళ్లది. కృష్ణ మీద రైలు వెళ్తుంటే అత్తయ్య ఎప్పుడూ చిల్లర తీసి నదిలో వేస్తారు. ఇక్కడ కిటికీ తెరుచుకోదు, గంగమ్మ పైనెక్కడో ఉంది. రూపాయి బిళ్ల చేతిలోనే పట్టుకుని తలపైకెత్తి దణ్ణం పెట్టుకున్నారు. ఎదుటి సీటులోని బెంగాలీ ఆవిడ అది చూసి తనూ చేతులు జోడించింది.

బాబాయిగారి ప్రశ్న నేను ఆ ఖరగ్‌పూర్ పెద్దాయన్ని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. సొరంగాన్ని తవ్వే యంత్రమే వెనకాల కాంక్రీటు ముక్కల్ని ఉంగరంలా బిగించుకుంటూ పోతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య రబ్బరు పట్టీలుంటాయి, నీళ్లు తగిలితే అవి ఉబ్బి సందు మూసేస్తాయి. 2017లో నది కింద ఇలాగే తవ్వి అవతలి ఒడ్డుకు చేరారు. "నది కింద ఏ గొడవా రాలేదమ్మా. గొడవంతా ఇళ్ల కింద వచ్చింది" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

సియాల్దాకు పన్నెండు నిమిషాలు. గడియారం చూసుకున్నాను.

బస విషయానికి వస్తే, సియాల్దా స్టేషన్ పక్కనే ఒక లాడ్జిలో ఆన్‌లైన్‌లో రూము తీసుకున్నాం. రోజుకు 1,800. లిఫ్టు ఉందని రాశారు. ఉంది కానీ పనిచేయదు, మా గది మూడో అంతస్తులో. ఆ రాత్రి అత్తయ్య మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి సాల్ట్‌లేక్‌లో కరుణామయి స్టేషన్‌కు దగ్గర్లో ఒక గెస్ట్‌హౌస్‌కు మారాం. 2,200. కింది అంతస్తు, ఇంటావిడే వంట చేసి పెట్టింది, చుట్టూ చెట్లు, రాత్రి చప్పుడు లేదు. ఇదివరకైతే రైలు కోసం వచ్చినవాళ్లు అంత దూరంలో దిగాలని అనుకునేవాళ్లు కాదు. ఇప్పుడు అక్కడి నుంచి హౌరాకు బండి మారకుండా రావచ్చు. పెద్దవాళ్లు ఉంటే నేనైతే సాల్ట్‌లేకే చెబుతాను. కుర్రాళ్లు తిరగడానికి వస్తే ఎస్‌ప్లనేడ్ చుట్టుపక్కల దిగండి, తిండికి, బజారుకి అదే మేలు.

దక్షిణేశ్వరానికి ఎస్‌ప్లనేడ్‌లో పాత లైనుకు మారాలి. 1984లో దేశంలో మొదటి మెట్రో నడిచింది ఆ లైను మీదే. ఇక్కడే కొత్త మార్గం వల్ల వచ్చిన ఇబ్బంది ఉంది. హౌరా వైపు నుంచి, సియాల్దా వైపు నుంచి వచ్చే జనమంతా ఎస్‌ప్లనేడ్‌లో మారడానికి దిగుతున్నారు. పొద్దున తొమ్మిదిన్నరకు మేం వెళ్లినప్పుడు నడవాల్లో భుజం భుజం రాసుకుంటూ కదలాల్సి వచ్చింది. పాత లైను బండి ఒకటి నిండిపోయి వెళ్లింది, రెండోదానిలో ఎక్కాం. రోజూ ఆఫీసుకు వెళ్లే ఒకావిడ హిందీలో అంది: "కొత్త లైను బాగుంది. కానీ పాత లైనులో నాకు నిలబడే చోటు పోయింది." ఆవిడ కోపం న్యాయమైనదే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పదకొండు దాటాకే బయల్దేరండి, సాయంత్రం నాలుగు లోపు తిరిగి రండి.

దక్షిణేశ్వరంలో మాత్రం అత్తయ్యకు ఏ కష్టమూ కలగలేదు. మెట్రో స్టేషన్ నుంచి గుడి దాకా రోడ్డు దిగకుండా స్కైవాక్ మీద నడిచి వెళ్లొచ్చు. ఆవిడ రెండు చోట్ల కూర్చుని, తీరిగ్గా వెళ్లి, గంగలో కాళ్లు కడుక్కుని దర్శనం చేసుకున్నారు. చేతిలో మిగిలిపోయిన ఆ రూపాయి బిళ్ల అక్కడ వేశారు.

మధ్యలో ఒక సాయంత్రం మావారూ నేనూ ఎస్‌ప్లనేడ్‌కి, సియాల్దాకి మధ్య ఉండే బౌబజార్ వెళ్లాం. అత్తయ్యను, అబ్బాయిని గెస్ట్‌హౌస్‌లోనే ఉంచాం. వెళ్లాలని పట్టుబట్టింది నేనే. 2019 ఆగస్టు 31 రాత్రి అక్కడ సొరంగం తవ్వుతున్న యంత్రం భూగర్భ జలాల పొరను తాకింది. నీళ్లు, మట్టి లోపలికి దూసుకొచ్చాయి, పైన ఉన్న పాత ఇళ్లు కుంగిపోయాయి. 2022లో మళ్లీ రెండుసార్లు పగుళ్లు వచ్చాయి. అందుకే అటు సియాల్దా 2022లో, ఇటు ఎస్‌ప్లనేడ్ 2024లో తెరిచినా మధ్యలో ఈ చిన్న ముక్క ఇంతకాలం ఆగిపోయింది.

అది బంగారం పనివాళ్ల వీధి. సందుల్లో చిన్న చిన్న కొట్లు, వంచిన తలలు, గాలిలో ఆమ్లం వాసన. ఒక కొట్టు అరుగు మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి ఏం కావాలని అడిగాడు. మాకు బంగారం అక్కర్లేదని, మాదీ నీళ్లలో మునిగిన ఇల్లేనని చెప్పాం. ఆయన లేచి సందులోకి తీసుకెళ్లాడు. ఒక గోడ మీద పగులుకు అడ్డంగా చిన్న కొలబద్దలాంటిది అతికించి ఉంది. పగులు పెరుగుతోందో లేదో చూడటానికట. వాళ్ల అన్నగారి ఇల్లు అప్పట్లోనే కూల్చేశారు. ఆ రాత్రి కట్టుబట్టలతో బయటికి వచ్చి హోటలు గదికి, అక్కడి నుంచి అద్దె ఇంటికి వెళ్లారు.

"మెట్రో ఎక్కారా?" అని అడిగాను.

"ఎక్కాను. మా పనికుర్రాళ్లు హౌరా అవతల నుంచి వస్తారు. వాళ్లకు రోజుకు గంటన్నర మిగులుతోంది. అది మంచిదే కదా" అన్నాడు. కాసేపాగి, "మా వీధి కిందకు రాగానే మాత్రం కళ్లు మూసుకుంటాను" అన్నాడు.

మా గోడ మీద నీటి గీత ఎంత ఎత్తున ఉందో నా చెయ్యి పెట్టి చూపించాను. ఆయన తల ఊపాడు. మట్టి ముంతల్లో టీ తెప్పించాడు, మమ్మల్ని డబ్బు ఇవ్వనివ్వలేదు.

తిండి గురించి పెద్దగా చెప్పను. పొద్దున పూట పూరీలాంటి లూచీ, బంగాళాదుంప కూర అందరికీ పడతాయి. మిష్టి దోయీ అత్తయ్యకు బాగా నచ్చింది, పెరుగులో తీపి ఏమిటని మొదట వద్దన్నవారే రోజూ అడిగి తెప్పించుకున్నారు. అన్నం ప్రతిచోటా దొరుకుతుంది, కూరల్లో మనకు కావలసిన కారం ఉండదు. ఊరగాయ తప్పకుండా తీసుకెళ్లండి.

మేం తిరిగొచ్చాక సెప్టెంబరు 23న కలకత్తాలో కుండపోత వాన కురిసింది. వీధులన్నీ మునిగాయి, పాత లైనులో కొంత భాగం నీళ్లు చేరి బండ్లు ఆపేశారు. ఆ రోజు బాబాయిగారు పేపరు పట్టుకుని మళ్లీ వచ్చారు. "చూశావా, నేను అన్నానా లేదా?" అన్నారు. అన్నారు నిజమే. కానీ నేను చూసిందీ నిజమే. నది కింద సొరంగం గట్టిగా ఉంది. నీళ్లు చేరింది ఊళ్లో వాన నీరు పోయే దారి లేనిచోట. బుడమేరు మాకు నేర్పిందీ అదే.

విజయవాడకు మెట్రో అని 2014 తర్వాత నుంచి వింటూనే ఉన్నాం. ఇప్పుడున్న ప్రతిపాదన గన్నవరం నుంచి నెహ్రూ బస్టాండుకు, అక్కడి నుంచి పెనమలూరుకు, మొదటి దశలో 38.4 కిలోమీటర్లు. అది స్తంభాల మీద వెళ్లే లైను, సొరంగం కాదు. మా వీధిలో కొందరు స్తంభాలతో ఏలూరు రోడ్డు ఇరుకైపోతుందని, కొందరు ఎప్పటికీ రాదని, కొందరు రాకపోతే ఊరు పెరగదని అంటారు. నేను ప్రయాణం చేసి వచ్చాక ఒకటే అడుగుతున్నాను. రైలు దిగిన మనిషి ఎండలోకి, ఆటోల మధ్యకి రాకుండా మెట్రోలోకి వెళ్లే దారి ఉండాలి, హౌరాలో ఉన్నట్టు. మన రైల్వేస్టేషన్‌కి, బస్టాండుకి మధ్య రెండు కిలోమీటర్లు లేదు. గుంటూరు నుంచి, ఏలూరు నుంచి ఆసుపత్రి పనుల మీద వచ్చే ముసలివాళ్లు ఆ చిన్న దూరానికే భయపడతారు. ఇంకొకటి కూడా. తవ్వకానికి ముందే పక్క ఇళ్ల గోడలు కొలిచి, రాసి, ఆ కాగితం ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి. బౌబజార్ పెద్దాయన దగ్గర అలాంటి కాగితం లేదు.

తిరుగు ప్రయాణం చెన్నై మెయిల్లో, అర్ధరాత్రికి దగ్గర్లో బండి. కరుణామయిలో తొమ్మిది లోపే మెట్రో ఎక్కేశాం. మెట్రో రాత్రంతా ఉండదు కాబట్టి మీరూ చివరి బండి వేళ ముందే కనుక్కోండి. మర్నాడు రాత్రి విజయవాడలో దిగాం. స్టేషన్ బయట ఆటో అతను సింగ్‌నగర్‌కు మూడు వందలు అడిగాడు. బేరమాడే ఓపిక ఎవరికీ లేదు. సామాను ఒళ్లో పెట్టుకుని ఎక్కాం. బుడమేరు వంతెన మీదకు వచ్చాక అత్తయ్య చీర కొంగుకు కట్టుకున్న చిల్లర తడుముకుంటూ అన్నారు: "నలుగురికీ నలభై రూపాయలేనే అమ్మాయ్ అక్కడ."